గూఢచారి కథను పిల్లల చెవి కోసం మళ్లీ రాయించాలి

సంపాదకులు గారికి,

ఆర్యా,

సినిమా కథను కుదించి, బొమ్మల పుస్తకంగా అచ్చువేసి, దానితోపాటు వినడానికి ధ్వనిముద్రణను కూడా జతచేసి పిల్లలకు అందించే పద్ధతి ఇప్పుడు తెలుగులోనూ కనిపిస్తున్నది. ఒక గూఢచారి సాహస చిత్రం ఆధారంగా తయారైన అటువంటి పుస్తకాన్ని ఈ వేసవి సెలవులలో మా అనంతపురం పాతూరులోని పిల్లలతో కలిసి కూర్చుని విన్నాను. చాలా కాలం ప్రభుత్వ పాఠశాలలో తెలుగు చెప్పినవాడిని కనుక, పిల్లల చేతికి పుస్తకాన్ని చేర్చే ఏ ప్రయత్నమైనా నాకు సంతోషమే. అయితే విన్న తరువాత, ఈ పని చేస్తున్న ప్రచురణకర్తలకూ, ఇంతకంటే బాగా చేయగల ప్రభుత్వ సంస్థలకూ మీ పత్రిక ద్వారా కొన్ని విషయాలు విన్నవించుకోవాలనిపించింది. ఆ పుస్తకాన్ని తయారుచేసిన సంస్థ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే లోపాలు ఆ ఒక్కరివే కావు. ఫోన్లలో దొరుకుతున్న పిల్లల సినిమా కథలు చాలావాటిలో ఇవే వినిపిస్తున్నాయి.

ముందుగా ఆ పుస్తకంలో ఏముందో చెబుతాను. సినిమాలోని సంభాషణలను, సంగీతాన్ని ఉన్నవి ఉన్నట్లు తీసుకుని, పాటలను తొలగించి, మిగిలినదాన్ని అరగంటకు కత్తిరించారు. అక్కడక్కడ ఒక కథకుని గొంతు వచ్చి "ఆ మరుసటి రోజు" అనో, "ఇంతలో" అనో చెప్పి వెళ్లిపోతుంది. పుస్తకంలో అచ్చయిన వాక్యాలు వేరు, వినిపించే మాటలు వేరు. కథానాయకుడు శత్రువుల స్థావరంలోకి దూరే ఘట్టం వచ్చేసరికి మాటలన్నీ ఆగిపోయి, పెద్దగా సంగీతం మాత్రమే మోగింది. తెరమీద ఆ సమయంలో అతడు గోడ ఎక్కుతూ ఉంటాడు, కాపలావాడి కళ్లుగప్పుతూ ఉంటాడు, ఒక పెట్టెలోంచి కాగితం తీసుకుంటూ ఉంటాడు. వింటున్న పిల్లలకు వీటిలో ఒక్కటీ తెలియలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకుని, "ఏమైంది సార్?" అని నన్ను అడిగారు. కథకు ప్రాణమైన చోటనే కథ వారి చేతిలోంచి జారిపోయింది.

నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే. చూడడానికి తీసిన కథను పిల్లలకు వినిపించాలంటే, ఆ కథను చెవికోసం మొదటినుంచి మళ్లీ రాయాలి. ఆ పనికి సౌండ్ ఎడిటర్ ఒక్కడు చాలడు, రచయిత కావాలి.

ఇది ఎంతో కాలంగా ఉన్న ప్రక్రియ. అమెరికాలో డిస్నీ సంస్థ 1960ల నుంచే 24 పుటల బొమ్మల పుస్తకాన్ని, నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఏడంగుళాల గ్రామఫోను రికార్డుతో కలిపి పిల్లలకు అమ్మింది. పుట తిప్పవలసిన చోట చిన్న గంట మోగుతుంది. అచ్చులో ఉన్న వాక్యాన్నే కథకుడు నిదానంగా చదువుతాడు. పాత్రల మాటలు, చప్పుళ్లు ఆ వాక్యాలకు తోడుగా వస్తాయి. పిల్లవాడు వేలు పెట్టి అక్షరాల వెంట నడుస్తూ వింటాడు, అలా వింటూ వింటూ చదవడం నేర్చుకుంటాడు. రికార్డులు పోయి క్యాసెట్లు, క్యాసెట్లు పోయి సీడీలు వచ్చినా ఈ పద్ధతి మారలేదు. 2011లో వచ్చిన 'కార్స్ 2' అనే కార్టూన్ చిత్రం పూర్తిగా గూఢచారి సాహస కథే, అందులో పాత్రలన్నీ మనుషుల్లా మాట్లాడే బండ్లే. దానికి కూడా ఇదే తీరులో పుస్తకమూ సీడీ వచ్చాయి. పాడైన బండ్లను లాగుకుపోయే ఒక తుప్పుపట్టిన పల్లెటూరి బండిని చూసి, గూఢచారులు అది మారువేషంలో ఉన్న తమ మనిషే అనుకుంటారు. కథంతా ఆ పొరపాటు మీదనే నడుస్తుంది. తెరమీద అయితే ఎవరు ఎవరిని ఎందుకు అలా చూస్తున్నారో చూపులతోనే అర్థమవుతుంది. వినేవారికి మాత్రం ఆ సంగతిని కథకుడు తన నోటితో చెప్పి తీరాలి. ఎక్కడ చెప్పాలి, ఎంత చెప్పాలి, ఏది దాచి ఉంచాలి అన్నది తేల్చడమే రచయిత పని.

మన దగ్గర కూడా సినిమాను వినే సంప్రదాయం గట్టిగానే ఉండేది. కడపలో 1963లో ఆకాశవాణి కేంద్రం వచ్చిన తరువాత సీమలో రేడియో ఇంటింటి వస్తువైంది. సంక్షిప్త శబ్దచిత్రం పేరుతో ఆకాశవాణి సినిమా కథలను వినిపిస్తుంటే ఇంటిల్లిపాదీ పనులు ఆపుకుని వినేవారు. తిరునాళ్లలో, పెళ్లి పందిళ్లలో మైకులలో పౌరాణిక చిత్రాల సంభాషణలు మోగేవి. అప్పుడు సినిమా శబ్దాన్ని కత్తిరించి వినిపిస్తే సరిపోయింది కదా, ఇప్పుడెందుకు సరిపోదని ఎవరైనా అడగవచ్చు. అందుకు రెండు కారణాలున్నాయి. ఆనాటి పౌరాణిక, జానపద చిత్రాలలో కథంతా మాటలలోనే ఉండేది. ఎవరు వచ్చారో, ఎందుకు వచ్చారో, ఏమి చేయబోతున్నారో పాత్రలే పద్యంలోనో వచనంలోనో చెప్పుకునేవి. పైగా వినేవారిలో చాలామంది ఆ చిత్రాన్ని టూరింగ్ టాకీసులో అంతకుముందే చూసి ఉండేవారు, లేదా ఆ కథ వారికి భారత రామాయణాల ద్వారా ఉగ్గుపాలతోనే తెలిసి ఉండేది. గూఢచారి చిత్రం స్వభావం దీనికి పూర్తిగా విరుద్ధం. అందులో ఎవరూ తమ మనసులోని మాట బయటకు చెప్పరు. దాచిన వస్తువు, మార్చిన వేషం, తలుపు చాటు మనిషి, చేతి గడియారంలోని యంత్రం, ఇవన్నీ కంటికి మాత్రమే తెలిసేవి. సినిమాలోని మాటలను మాత్రమే ఏరుకుంటే గూఢచారి కథలో గూఢమైనదంతా పోయి, అరుపులు, పరుగులు మిగులుతాయి.

మారువేషం సంగతే చూడండి. తెరమీద కథానాయకుడు గడ్డం పెట్టుకుని సన్యాసిగా వస్తే ప్రేక్షకుడు గుర్తుపట్టి ఆనందిస్తాడు, పక్కనున్న పాత్ర గుర్తుపట్టదు. వినే కథలో అదే ఆనందం పిల్లలకు కలగాలంటే, ఆ నటుడు గొంతు మార్చి మాట్లాడుతూనే, మొదటి ఘట్టంలో పిల్లలకు పరిచయమైన ఒక చిన్న దగ్గునో, ఒక ఊతపదాన్నో మధ్యలో జారవిడవాలి. దాన్ని పట్టుకున్న పిల్లవాడు "మన గూఢచారే!" అని ఎగిరి గంతేస్తాడు. నేను విన్న పుస్తకంలో వేషం మార్చిన మనిషి గొంతు మాత్రం మారలేదు. ఎందుకంటే సినిమాలో మార్చవలసిన అవసరం రాలేదు.

నిజానికి గూఢచారి కథ చెవికి ఎంతో తగిన కథ. గూఢచారి సగం పని చెవితోనే చేస్తాడు. చీకటిలో అడుగుల చప్పుడు విని వచ్చేది ఒకరో ఇద్దరో లెక్కవేస్తాడు, గోడ అవతలి మాటలు వింటాడు, తాళం కప్ప లోపల మీట కదిలిన సవ్వడిని పసికడతాడు. మోర్స్ సంకేతాలనైతే వినే కథలోనే బాగా వాడుకోవచ్చు. మూడు చిన్న చప్పుళ్లు, మూడు పొడుగు చప్పుళ్లు, మళ్లీ మూడు చిన్న చప్పుళ్లు వినిపిస్తే ఆపదలో ఉన్నామని అర్థమని కథ మొదట్లో కథకుడు చెప్పి ఊరుకోవాలి. చివరి ఘట్టంలో ఎవరూ ఏమీ చెప్పకుండా ఆ చప్పుళ్లు వినిపిస్తే, పుస్తకం ముందు కూర్చున్న పిల్లలందరూ ఒక్కసారిగా అర్థం చేసుకుంటారు. మన పిల్లలకు సొంత రహస్య భాష ఉండనే ఉంది. ప్రతి అక్షరం ముందు 'క' చేర్చి "కనీ కపే కరే కమి కటి" అని పెద్దలకు తెలియకుండా మాట్లాడుకునే క భాష మా తరంలో ఆడని పిల్లలు లేరు, ఇప్పటికీ పల్లెలలో వినిపిస్తుంది. గూఢచారులు ఒకరికొకరు కబురు పంపుకునే ఘట్టాన్ని క భాషలో రాస్తే, పుస్తకంలో ఆ వాక్యాన్ని అచ్చువేసి విప్పుకోవడం పిల్లలకే వదిలేస్తే, అంతకంటే మంచి చదువు పాఠం ఏముంటుంది? విదేశీ కథను తెలుగులోకి తెచ్చినప్పుడు ఇటువంటి చోట్లలోనే అది మన పిల్లల కథగా మారుతుంది.

చప్పుళ్ల విషయంలో మన జిల్లా కళాకారుల దగ్గర నేర్చుకోదగినది ఎంతో ఉంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నా, తోలుబొమ్మలాట అంటే అనంతపురంవారికి మొదట గుర్తొచ్చేది ఆ ఊరే. అక్కడి కళాకారులు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు మనమందరం గర్వించాము. తోలుబొమ్మలాటలో యుద్ధ ఘట్టం వచ్చినప్పుడు తెర వెనుక ఆడించేవారు కాళ్ల కింద చెక్కలను తొక్కుతూ చేసే చప్పుడు, తాళాలు, మద్దెల కలిసి, ఎదురుగా కనిపించేది రెండు బొమ్మలే అయినా పెద్ద సైన్యం కదిలివస్తున్న భ్రమ కలిగిస్తాయి. కథ బిగువుగా సాగుతున్నప్పుడు కేతిగాడు మధ్యలో వచ్చి నాలుగు మాటలు చెప్పి, నవ్వించి, జరిగిన కథను ప్రేక్షకులకు మళ్లీ అందించి వెళతాడు. వినే కథలో కథకుడు చేయవలసింది ఇదే. ఏ చప్పుడు ఎప్పుడు రావాలో, అది ఎంతసేపు ఉండాలో, మాటను మింగకుండా ఎలా ఉండాలో ఆ కుటుంబాలవారికి తరతరాలుగా తెలుసు. ధ్వనిముద్రణ చేసేవారు ఒక్కసారి నిమ్మలకుంట వెళ్లి తెర వెనుక కూర్చుని చూస్తే, అరువు తెచ్చుకున్న సంగీతంతో నింపవలసిన అవసరం సగానికి సగం తగ్గిపోతుంది.

ఇప్పుడు నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించిన విషయానికి వస్తాను. ఆ పుస్తకంలో గూఢచారి, అతని పై అధికారి, అతనికి సాయపడే శాస్త్రవేత్త, కథకుడు, అందరూ కోస్తా యాస కలిసిన పత్రికల తెలుగు మాట్లాడారు. శత్రు నాయకుని అనుచరులు, కాపలావాళ్లు, తన్నులు తినేవాళ్లు మాత్రం "ఏం జేస్తాండావురా", "యాడికి పోతాండావు" అన్నారు. మూలచిత్రం వేరే దేశానిది; ఆ దుండగులకు రాయలసీమతో ఏ సంబంధమూ లేదు. డబ్బింగులో వారికి మా యాస తొడిగారు. ముఠాకక్షల చిత్రాలు వరసగా వచ్చినప్పటి నుంచి తెలుగు సినిమాలో కత్తి పట్టినవాడి నోట సీమ యాస పెట్టడం ఒక అలవాటుగా మారిపోయింది. పెద్దల సినిమాలో ఆ అలవాటు గురించి మన రచయితలు ఎన్నోసార్లు నిరసన చెప్పారు. పిల్లల వినికిడి పుస్తకంలో దాని హాని మరింత ఎక్కువ. తెరమీద దుర్మార్గుణ్ణి గుర్తించడానికి ముఖం, దుస్తులు, నడక ఉంటాయి. వినే కథలో గొంతు తప్ప మరేమీ ఉండదు. కాబట్టి వినే పిల్లవాడికి యాసే దుర్మార్గానికి గుర్తుగా మారిపోతుంది. మా పిల్లల అవ్వతాతలు, అమ్మలు, పొలం నుంచి వచ్చే నాయనలు అందరూ మాట్లాడేది ఆ మాటే. కథ ముగిసిన తరువాత ఒక పాప నా దగ్గరికి వచ్చి, "దొంగలందరూ మా జేజి లెక్క మాట్లాడతాండారు ఎందుకు సార్?" అని అడిగింది. ఆ పాపకు సమాధానం చెప్పవలసింది ఆ పుస్తకం రాయించినవారు.

ఇక్కడ మళ్లీ 'కార్స్ 2' కథను గుర్తు చేయాలి. అందులో అమెరికా పల్లెటూరి యాసలో మాట్లాడే ఆ తుప్పుపట్టిన బండిని చూసి మొదట అందరూ నవ్వుతారు. పెద్ద పెద్ద నగరాల మధ్య ఆ బండికి సిగ్గు కూడా వేస్తుంది. కానీ పాత ఇంజన్ల గురించి, విడి భాగాల గురించి దానికున్న పల్లెటూరి పరిజ్ఞానమే చివరికి కుట్రదారు ఎవరో బయటపెడుతుంది. మన తెలుగు అనువాదాలలో ఇటువంటి పాత్రకు సీమ యాస పెట్టవచ్చు కదా? బోరుమోటారు విప్పి బాగుచేయగల మనిషి, వేరుశనగ చేలో మబ్బు చూసి వాన చెప్పగల మనిషి మన పల్లెలలో ఎందరు లేరు? వారి మాటతో ఒక గూఢచారి కథానాయకుడు మాట్లాడితే మా పిల్లలు ఎంత మురిసిపోతారో ఊహించండి. కోస్తా పిల్లలకూ, తెలంగాణ పిల్లలకూ కూడా అది మేలే చేస్తుంది. నేను కోరుతున్నది సీమ యాసకు మినహాయింపు మాత్రం కాదు. దుర్మార్గుని నోట ఏ ప్రాంతపు యాసా ప్రత్యేకంగా పెట్టవద్దన్నది నా విన్నపం.

హింస గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. తుపాకి మోతలను, చావు కేకలను ఆరేడేళ్ల పిల్లలకు చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి వినిపించడం తగదు. గూఢచారి యుక్తితో తప్పించుకోవడమే పిల్లల కథకు బలం.

మరొక ముఖ్యమైన అంశం, చూపులేని పిల్లలది. జాగ్రత్తగా రాసిన ధ్వనికథ వారికి సినిమాను చేరువ చేసే ఉత్తమమైన మార్గం. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోని 42వ సెక్షన్, దృశ్య మాధ్యమాలలో చూపులేనివారి కోసం దృశ్యాన్ని మాటలలో వర్ణించి వినిపించే ఏర్పాటు ఉండేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలని చెబుతున్నది. 2012లో సవరించిన కాపీరైటు చట్టం, లాభాపేక్ష లేకుండా వికలాంగులకు అనువైన రూపంలో రచనలను తయారుచేసి అందించడానికి అనుమతి ఇస్తున్నది. చూపులేనివారికి పుస్తకాలు అందించేందుకు కుదిరిన మరకేష్ అంతర్జాతీయ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకంటే ముందుగా ఆమోదించినది మన భారతదేశమే. చట్టం ఇంత దారి చూపినా, తెలుగులో చూపులేని పిల్లవాడు పూర్తిగా అర్థం చేసుకోగల ఒక్క సాహస చిత్ర కథ కూడా మా పిల్లలకు ఇంతవరకు అందలేదు. నాతోపాటు ఆ కథ విన్నవారిలో చూపు తక్కువగా ఉన్న ఒక బాలుడు ఉన్నాడు. మిగిలిన పిల్లలు అర్థంకాని చోట బొమ్మ చూసి ఊహించుకున్నారు. అతనికి ఆ ఆసరా కూడా లేదు. అతనికి అర్థమయ్యేలా రాస్తే అది అందరికీ అర్థమవుతుంది. రచయితకు ఇంతకంటే మంచి కొలమానం దొరకదు.

ఇక ఎవరు చేయాలి, ఏ కథతో చేయాలి అన్న ప్రశ్న. విదేశీ చిత్రాల కోసం చూడవలసిన పని లేదు. 1966లో కృష్ణ గారు నటించిన 'గూఢచారి 116' తెలుగులో ఈ కోవ చిత్రాలకు బాట వేసింది. మన కాపీరైటు చట్టం ప్రకారం చలనచిత్రంపై హక్కు, విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ల పాటు ఉంటుంది. ఆ లెక్కన 1966 నాటి చిత్రాల హక్కు 2026 చివరితో తీరుతుంది. అయితే అందులోని రచనకూ, పాటలకూ హక్కు వేరుగా ఉంటుంది, అది రచయిత మరణానంతరం కూడా 60 ఏళ్లు కొనసాగుతుంది. కాబట్టి ఎవరైనా ఈ పని తలపెడితే నిర్మాతల, రచయితల వారసుల అనుమతి తీసుకుని, వారికి ఇవ్వవలసింది ఇచ్చి చేయాలి. పిల్లల కోసం చేసే పనిలో అనుమతి లేని ముద్రణ ఉండకూడదు.

హైదరాబాదు ఆకాశవాణిలో బాలానందం నడిపిన రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు, అక్కయ్య కామేశ్వరి గారు పిల్లల చేతనే మాట్లాడించి, పాడించి, నాటికలు ఆడించారు. ఆ ఒరవడిలో అనంతపురం, కడప, కర్నూలు ఆకాశవాణి కేంద్రాలు కలిసి ఒక గూఢచారి సాహస కథను వారం వారం వచ్చే ధ్వనికథగా తయారుచేయవచ్చు. గొంతులు మన బడిపిల్లలవి కావాలి, యాసలు మన మూడు జిల్లాలవి కావాలి. మా ఊరి లలిత కళాపరిషత్తులో నాటకాలు వేసిన నటులు ఎందరో ఉన్నారు, పెద్ద పాత్రలకు వారిని పిలవవచ్చు. ఇంటి పన్నుతోపాటు ప్రజలు కడుతున్న గ్రంథాలయ పన్నులోంచి కొంత కేటాయించి, జిల్లా గ్రంథాలయ సంస్థ దానికి జతగా బొమ్మల పుస్తకాన్ని అచ్చువేసి శాఖా గ్రంథాలయాలన్నిటికీ పంపవచ్చు. వేసవిలో గ్రంథాలయాలకు వచ్చే పిల్లలకు అది చేతిలో పెట్టి వినిపించడానికి ఒక స్పీకరు, ఒక చాప చాలు.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. ఆకాశవాణివారు ఈ పనికి ఒప్పుకుంటే, ప్రతి ఆదివారం మీ పిల్లల పేజీలో ఆ వారపు కథ పాఠాన్ని, పుట తిప్పే చోట గుర్తుతో సహా, పెద్ద అక్షరాలలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. రేడియోలో కథ వస్తున్నప్పుడు పల్లెలోని పిల్లవాడు మీ కాగితాన్ని ముందు పరుచుకుని వేలు పెట్టి చదువుకోగలడు. వేరే పుస్తకం కొనవలసిన అవసరం అతనికి ఉండదు. ఆ పాఠాలను రాయడానికి, పిల్లలకు ముందుగా వినిపించి సరిదిద్దడానికి మా ప్రాంతంలోని విశ్రాంత ఉపాధ్యాయులం కొందరం ఏ ప్రతిఫలమూ లేకుండా పనిచేయడానికి సిద్ధంగా ఉన్నాము.

ఇట్లు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
పాతూరు, అనంతపురం.